జాబితాలో పన్నెండో పేరు

బేస్తవారిపేట,
12-3-1959.

బావమరిది వెంకటేశ్వర్లుకు,

బావ కొండయ్య దీవించి రాసేది. గొర్రెలతో సహా ఇక్కడ అందరం బాగున్నాం.

నీ కార్డు అందింది. మా లక్ష్మీనరసమ్మ, మీ కొండలరావు పి.యు.సి. పరీక్షలు బాగానే రాస్తున్నారని రాశావు. బాగానే అంటే ఎంత బాగా? పాతికేళ్ళ నుంచి గుమాస్తాగిరీ చేస్తున్నావు, ఒక అంకె వెయ్యలేవా? ఏడాదిగా పిల్లను ఇంట్లో పెట్టుకొని కన్నకూతురిలా చూస్తున్నందుకు నా చెల్లెలు సుబ్బులుకు మాత్రం నా తరఫున చెప్పు. నీకు చెప్పను, మేనమామవు, చూడక చస్తావా.

ఇక అసలు సంగతి. పిల్ల డాక్టరు చదువుతానంటోంది. దసరా సెలవుల్లో వచ్చినప్పుడు మందలో ఒక గొర్రె ఈనలేక తన్నుకులాడుతోంది. నేను ఆశ వదులుకున్నాను. ఇది చీర చెంగు బిగించి, చెయ్యి పెట్టి, అడ్డం తిరిగిన పిల్లను సరిచేసి బయటికి తీసింది. చేతులు కడుక్కుంటూ, "నాయనా, మనుసులకు గూడా ఇట్ల చేసే సదువుంటది గదా, నేను ఆ సదువే సదువుతా" అంది. అప్పటి నుంచి నాకు నిద్రలో కూడా అదే మాట.

నువ్వు చేయాల్సిందేమిటంటే, కాలేజీల ఖర్చు రాసి పంపాలి. పుస్తకంలో అచ్చేసిన ఖర్చు నాకొద్దు. కర్నూలులో అయితే ఎంత, గుంటూరులో ఎంత, విశాఖపట్నంలో ఎంత; ఫీజు, తిండి, సబ్బు, చాకలి, రైలు అన్నీ కలిపి నిజంగా చేతిలోంచి పోయేదెంత? అట్లాగే నిరుడు ఏ జిల్లా పిల్లలకు ఎన్ని మార్కులకు సీటిచ్చారో కూడా కనుక్కో. అందరం ఒకే రాష్ట్రమని కర్నూలు నుంచి రాజధాని హైదరాబాదుకు ఎత్తుకుపోయారు కదా, మార్కులు కూడా అందరికీ ఒకటేనా అని నా అనుమానం.

మనం కంభం బడికి పోయినప్పుడు ఖర్చెంతో నీకు గుర్తుందా? ఆదివారం సాయంత్రం జొన్నపిండి మూట నెత్తిన పెట్టుకొని నడిచేవాళ్ళం. సత్రం వసారాలో మూడు రాళ్ళు పెట్టి సంగటి కెలికేవాళ్ళం. నువ్వు కెలికితే ఉండలు కట్టేది. ఆ ఉండల్ని తిని కూడా బతికి ఉన్నాను చూడు.

ఇట్లు,
కొండయ్య.


కర్నూలు,
22-3-1959.

బావకు,

నమస్కారాలు. సంగటి నువ్వు కెలికినా ఉండలు కట్టేది. ముప్పయ్యేళ్ళయింది కదా అని అబద్ధాలాడితే ఎట్లా?

నువ్వడిగినవన్నీ కనుక్కోవడానికి వారం పట్టింది. మా ఆఫీసులో ఒకరి తమ్ముడు గుంటూరులో డాక్టరు చదువుతున్నాడు. విశాఖపట్నం సంగతి అక్కడి నుంచి బదిలీ మీద వచ్చిన హెడ్ గుమాస్తా చెప్పారు. ఫీజు మూడు చోట్లా ఒకటే, రెండు విడతలుగా రెండు వందల నలభై. పుస్తకాలకు నూట ఇరవై. మొదటి ఏడు కోటు, కత్తెరల పెట్టె, డిపాజిట్టు కలిసి తొంభై. తేడా అంతా తిండిలో ఉంది. కర్నూలు హాస్టలులో నెలకు నలభై అయిదు, గుంటూరులో యాభై, విశాఖపట్నంలో యాభై అయిదు. సంవత్సరానికి పది నెలలు తినాలి. అంటే కర్నూలులో తొమ్మిది వందలు, గుంటూరులో తొమ్మిది వందల యాభై, విశాఖపట్నంలో వెయ్యి. విశాఖపట్నానికి రైలుఖర్చు, ఇంటి మీద బెంగ వేరే వేసుకో. సబ్బు, చాకలి అన్నావు కాబట్టి నెలకు రెండు రూపాయలు కలుపుకో. పిల్ల హాస్టలుకు పోకుండా మా ఇంట్లోనే ఉంటే తిండి ఖర్చు లేదు. నాలుగు వందల యాభైతో ఏడాది గడిచిపోతుంది.

మార్కులు అందరికీ ఒకటి కాదు. పి.యు.సి.లో సైన్సు మార్కులు మూడు వందలకు, సెలెక్షన్ పరీక్ష వందకు, మొత్తం నాలుగు వందలకు లెక్క. సీట్లు జిల్లా వారీగా పంచుతారు. నిరుడు మన జిల్లాలో రెండు వందల ఎనభై ఒకటి వచ్చిన పిల్లవాడికి కూడా దొరికింది. గుంటూరు జిల్లాలో మూడు వందల పన్నెండు వచ్చినవాడు ఇంటికి పోయాడు.

పరీక్ష మే నెలలో. ఇద్దరికీ నేనే దగ్గరుండి అప్లికేషన్లు నింపుతాను. ఇద్దరూ ఒకే దీపం కింద చదువుకుంటున్నారు. మావాడికి రసాయనం బాగా వచ్చు, మీ పిల్లకు జీవశాస్త్రం. ఒకరికి తెలియనిది ఇంకొకరు చెబుతుంటే వింటూ పడుకుంటాను. మనిద్దరం గుర్తొస్తాం. మూడో ఫారం అర్ధసంవత్సరం పరీక్షలో లెక్కల్లో నీకు తొంభై ఒకటి, నాకు నలభై మూడు. నాకు ఇప్పటికీ గుర్తుంది. మీ నాయన పోయి నువ్వు బడి మానేసిన రోజు లెక్కల పంతులు హాజరు పిలుస్తూ నీ పేరు దగ్గర ఆగి, పుస్తకం మూసేశాడు. మిగతా పేర్లు పిలవలేదు.

అక్కను అడిగినట్టు చెప్పు.

ఇట్లు,
వెంకటేశ్వర్లు.


బేస్తవారిపేట,
20-4-1959.

వెంకటేశ్వర్లుకు,

దీవెనలు. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. గుంటూరు వాళ్ళకు కాలువ కింద వరి పండుతుందని తెలుసు, మార్కులు కూడా కాలువ కిందే పండుతాయని ఇప్పుడే తెలిసింది. మనవి వానకు పండే మార్కులు. అయినా రెండు వందల ఎనభై ఒకటి మా పిల్లకు రాకపోతే నన్ను కొండయ్య అనకు.

కర్నూలే ఖాయం. తొమ్మిది వందలు అన్నావు కాబట్టి తొమ్మిది వందలకే సిద్ధమయ్యాను. మీ ఇంట్లో ఉంటే సగమే అన్నావు, కానీ ఏడాదంతా నా చెల్లెలి మీద భారం వెయ్యడం నాకు మనసొప్పదు. మొన్న మార్కాపురం నుంచి బేరగాళ్ళు వస్తే నలభై గొర్రెలు ఇచ్చేశాను. కట్టు విప్పి తోలుతుంటే ఒక ముసలి గొర్రె వెనక్కి తిరిగి మంద వైపు నడిచింది. నేను ఇంట్లోకి వచ్చేశాను. మీ అక్కే బయట నిలబడి సాగనంపింది.

పిల్ల వచ్చి వారమైంది. మంద వెంట పోతూ కూడా పుస్తకం పట్టుకుపోతోంది. మీ అక్క సంతోషం చెప్పతరం కాదు. రాత్రి అన్నం పెడుతూ, "నా తమ్ముని కొడుకు, నా కూతురు ఇద్దరూ డాక్టర్లయితే ఒకటే ఇల్లు, ఒకటే బోర్డు. బయట సంబంధాలు ఎందుకు మనకు?" అంది. నేను నవ్వి, "పిల్ల ఆరు నెలలు పెద్దది గదే, ఎట్ల కుదురుతది?" అన్నాను. మీ అక్క గబుక్కున మాట మార్చి మజ్జిగ పోసింది. ఆడవాళ్ళ లెక్కలు నాకెప్పుడు అర్థమయ్యాయి కనుక.

పిల్లను మే పదో తేదీకి రైలెక్కిస్తాను. కొండలరావును బాగా చదవమను. వాడికి కూడా సీటొస్తే నేను కర్నూలు వచ్చి నీ చేత విందు పెట్టించుకుంటాను.

ఇట్లు,
కొండయ్య.


కర్నూలు,
12-6-1959.

బావకు,

నమస్కారాలు. ఉత్తరం రాయడం ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. ఆఫీసులో ఊపిరాడని పని.

మార్కుల పట్టీ నిన్న బోర్డుకు అంటించారు. పిల్లకు పి.యు.సి.లో రెండు వందల ఇరవై ఒకటి, పరీక్షలో డెబ్బై నాలుగు, మొత్తం రెండు వందల తొంభై అయిదు. మావాడికి రెండు వందల ఇరవై ఎనిమిది, అరవై అయిదు, మొత్తం రెండు వందల తొంభై మూడు. ఈ ఏడు మన జిల్లాకు పన్నెండు సీట్లు. వరసలో పిల్ల పన్నెండు, వాడు పదమూడు. ఇది ఇంకా ఆఖరి జాబితా కాదు. సర్టిఫికెట్లు చూసి జూలై ఆరున తేలుస్తారు.

బావా, నీకొక మాట చెప్పాలి. ఖర్చు సంగతి నేను ముందు రాసినంత తేలిక కాదని ఇప్పుడు తెలుస్తోంది. హాస్టలు తిండి అరవై దాకా పోతుందట, అంటే ఆరు వందలు. పుస్తకాలు ఇంగ్లండు సీమ నుంచి రావాలి, రెండు వందల యాభై. ఎముకల పెట్టె, కత్తెరలు, కోటు నూట అరవై. ఇతర ఖర్చులు నూట యాభై. ఫీజుతో కలిపి పద్నాలుగు వందలు అవుతుంది. మా ఇంటి నుంచి కాలేజీకి రోజూ నడవాలంటే దూరం. అయిదేళ్ళ చదువు. ఆడపిల్ల. ముందు బి.ఎస్సీ. చదివించి తర్వాత చూస్తే ఎట్లా ఉంటుంది? టీచరు ట్రైనింగైనా మంచిదే.

నిన్న రాత్రి నిద్ర పట్టక కంభం చెరువు గుర్తొచ్చింది. కట్ట మీద కూర్చుని నువ్వు రాళ్ళు విసిరేవాడివి, నేను ఎన్ని గంతులు వేసిందో లెక్కపెట్టేవాణ్ణి. ఆ రోజులే రోజులు. చదువుకుని నేనేం బావుకున్నాను చెప్పు? ఎవరో రాసిన కాగితాన్ని ఇంకో కాగితం మీదికి ఎక్కించడమేగా. చదువు మానేసినా నువ్వే సుఖంగా ఉన్నావు. అక్క దగ్గర, మంద దగ్గర, నీ ఇష్టానికి నువ్వు.

పిల్లను రేపు రైలెక్కిస్తున్నాను.

ఇట్లు,
వెంకటేశ్వర్లు.


బేస్తవారిపేట,
17-6-1959.

వెంకటేశ్వర్లూ,

మార్చిలో తొమ్మిది వందలు. జూన్‌లో పద్నాలుగు వందలు. మూడు నెలల్లో మీ కర్నూలుకు ఏం కరువొచ్చింది? కంభం సంతలో బియ్యం ధర అణా పెరిగితే ఊరంతా గగ్గోలు పెడతారు. అక్కడ హాస్టలులో నలభై అయిదు అరవై అయితే ఒక్కడూ నోరెత్తలేదా? పుస్తకాలు అప్పుడు ఎక్కడి నుంచి వచ్చేవి, ఇప్పుడు సీమ నుంచి ఎందుకు రావాలి? పోయినసారి నీ ఇంటికీ కాలేజీకీ మధ్య దూరం లేదు. ఈ మూడు నెలల్లో ఇల్లు జరిగిందా, కాలేజీ జరిగిందా?

లెక్కల్లో నీకు నలభై మూడే వచ్చాయి, నాకు తెలుసు. కానీ నువ్వు ఇట్లాంటి తప్పు లెక్క ఎప్పుడూ వెయ్యలేదు.

పిల్ల రైలు దిగి బండిలో వస్తూ పుస్తకం కూడా తెరవలేదు. "మామ ఎందుకో నా కండ్లలోకి సూడ్డం లేదు నాయనా. అత్త మాత్రం పోయేటప్పుడు పట్టుకోని ఏడ్సింది" అంది. సీటు దక్కేంత మార్కులొచ్చిన పిల్లను పట్టుకొని ఏడవడమేంది?

నీకు మా పిల్లను ఇంట్లో పెట్టుకోవడం కష్టంగా ఉంటే అట్లాగే రాయి. నొచ్చుకోను. హాస్టలులో చేర్పిస్తాను. పద్నాలుగు వందలైనా ఇంకో ఇరవై గొర్రెలు ఇస్తాను. మందంతా ఇస్తాను. ఎవరి పొలంలోనైనా కూలికి పోతాను. కానీ నేను సుఖంగా ఉన్నానని మాత్రం నాకు రాయకు. నాకు లెక్కలు వచ్చునని నీకు తెలుసు. ఆ లెక్కలతో నేను చేసిందల్లా సాయంత్రం మంద లోపలికి పోయేటప్పుడు గొర్రెల్ని ఎంచడం. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఎంచుతున్నాను.

ఏం దాస్తున్నావో రాయి. తిరుగు టపాలో రాయి.

కొండయ్య.


కర్నూలు,
21-6-1959.

బావకు,

నీకు నమస్కారం పెట్టే ముఖం కూడా లేదు. పెట్టకపోతే ఇంకా తప్పు.

పద్నాలుగు వందలు అబద్ధం. నేను మార్చిలో రాసిన లెక్కే నిజం. ఒక్క రూపాయి పెరగలేదు. నువ్వే భయపడి ముందుగా మానుకుంటావని ఆశపడి రాశాను. ఎందుకో చెబుతాను.

మెడికల్ కాలేజీలో చేరాలంటే డిసెంబరు ఆఖరుకు పదిహేడేళ్ళు నిండి ఉండాలి. పిల్ల ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకంలో పుట్టిన తేదీ 1-7-1943 అని ఉంది. దాని ప్రకారం ఆరు నెలలు తక్కువ. మార్కులన్నీ ఉన్నా జూలై ఆరున సర్టిఫికెట్లు చూసినప్పుడు పేరు కొట్టేస్తారు.

పిల్ల నిజానికి పుట్టింది నలభై రెండులో. నువ్వెరుగుదువు. పుస్తకంలో ఏడాది తక్కువ ఎందుకు పడిందో నువ్వెరుగవు. స్వాతంత్ర్యం వచ్చిన ఏడు జూన్‌లో నేను సెలవు మీద వచ్చాను. నువ్వు మందతో నల్లమలలో ఉన్నావు. పిల్లను పేట బడిలో వెయ్యడానికి అక్క, నేను తీసుకుపోయాం. దారిలో అక్క అంది: "పిల్ల పెద్దది, పిలగాడు చిన్నోడు అయితే రేపు సంబంధం ఎట్ల కలుపుకుంటామురా? ఒక ఏడు తగ్గిచ్చి చెప్పు. నీ మాట అయితే పంతులు నమ్ముతాడు." పంతులు పిల్ల కుడిచేతిని తల మీదుగా తిప్పి ఎడమ చెవి అందుకోమన్నాడు. అందింది. ఎన్నేళ్ళని అడిగాడు. నాలుగు నిండాయి అన్నాను. "నాలుగేండ్లకే చెవి అందిందా? పొడుగు చేతుల పిల్లయ్యా!" అని నవ్వి, అందరికీ వేసే జూలై ఒకటే వేశాడు. దారి పొడుగునా అక్క, నేను నవ్వుకుంటూ వచ్చాం. నీకు చెబితే తిడతావని చెప్పలేదు.

అప్లికేషన్ నింపుతున్నప్పుడు రూలు చూశాను. చూసి కూడా నింపి పంపాను, ఎవరూ పట్టించుకోరులే అనుకుని. మార్కుల పట్టీ చూసిన రోజు నుంచి మాత్రం నా మనసు పాడైంది. పిల్ల పేరు పోతే పన్నెండో సీటు ఎవరిదో నీకు రాయక్కరలేదు. బావా, నేను ఏమీ చెయ్యక్కరలేదు. నోరు మూసుకుంటే చాలు. పది రోజులు మూసుకున్నాను. సుబ్బులుకు చెబితే అది ఏడ్చింది. ఏం చెయ్యమని మాత్రం చెప్పలేదు. అది కూడా తల్లే కదా.

నీ ఉత్తరంలో గొర్రెల్ని ఎంచుతున్నానని రాశావు. అది చదివాక నా వల్ల కాలేదు.

ఇంకా పదిహేను రోజులుంది. పిల్ల పుట్టిన ఊళ్ళో మునసబు జనన రిజిస్టరులో రాసి ఉంటే, దాని నకలు తాలూకా ఆఫీసు ముద్రతో తీసుకురా. అది ఉంటే ఒప్పుకుంటారని కనుక్కున్నాను. రాయకపోతే ఇక దారి లేదు. ముండ్లమూరులో ఎవరి పొలంలో మంద పెట్టారో నీకే తెలియాలి.

నన్ను తిట్టు. అక్కను మాత్రం ఏమీ అనకు.

వెంకటేశ్వర్లు.


దర్శి,
30-6-1959.

వెంకటేశ్వర్లుకు,

తాలూకా ఆఫీసు అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. కాగితం దొరికింది. దాని సంగతి తర్వాత.

నీ ఉత్తరం చదివిన రోజు మీ అక్కను అడిగాను. రెండు రోజులు అన్నం తినలేదు. మూడో రోజు పొద్దున మూట కట్టి నా చేతికిచ్చి, "పో. ముండ్లమూరు పోయి రాపిచ్చుకోని రా. సంబంధం పోతే పోనీ. నా బిడ్డ సదువు నేను పోగొట్టినానంటే నేను తట్టుకోలేను" అంది. ఇంకేం అంటాను?

నీకు గుర్తుందో లేదో, పిల్ల పుట్టిన ఏడు విశాఖపట్నం మీద జపానువాళ్ళ బాంబులు పడ్డాయని కోస్తా జనం బండ్లు కట్టుకొని పడమరకు వస్తుంటే, మేము మేత కోసం గొర్రెల్ని తోలుకొని తూర్పుకు పోతున్నాం. ఎదురొచ్చిన వాళ్ళంతా పిచ్చివాళ్ళను చూసినట్టు చూశారు. మీ అక్కను పుట్టింటికి పొమ్మంటే, ఇంకా నెల ఉందిలే అని మంద వెంటే వచ్చింది. ముండ్లమూరులో పెద్దన్న అనే రైతు పొలంలో ఎరువు కోసం మంద పెట్టాం. మూడో రాత్రే నొప్పులు. పెద్దన్న భార్య అలివేలమ్మ వచ్చి మీ అక్కను తమ గొడ్లచావిట్లోకి నడిపించుకుపోయింది. నేను బయట మందకు కాపలా. తెల్లవారేసరికి ఆడపిల్ల.

పెద్దన్న పోయాడట. అలివేలమ్మ ఉంది, చూపు సరిగా లేదు. "పేట గొర్రెలోళ్ళం అమ్మా, నలభై రెండులో..." అన్నానో లేదో, "ఆ పిల్ల బతికుందా?" అని అడిగింది. బతికుంది, డాక్టరు చదవబోతోంది అన్నాను. నా చెయ్యి పట్టుకొని వదల్లేదు. ఆమెకు పిల్లలు లేరు. మర్నాడు మునసబు ఇంటికి ఆమే పోయి రాయించిందట. "మా చావిట్లో పుట్టింది, మా ఊరి పిల్లే. ఎట్ల రాయకుండా ఉంటాం?" అంది. కన్నవాణ్ణి నాకు ఆ ఆలోచన రాలేదు.

పాత రిజిస్టర్లన్నీ దర్శికి చేరాయి. మూడు రోజులు అరుగు మీద పడుకున్నాను. నాలుగో రోజు గుమాస్తా తీసి చూపించాడు. 24-5-1942, ఆడశిశువు, తండ్రి గొర్రెల కొండయ్య, బేస్తవారిపేట. పేరు దగ్గర ఖాళీ. నకలు రాసి ముద్ర వేసి ఇచ్చాడు. ఇక్కడి నుంచి తిన్నగా ఇంటికి పోయి, పిల్లను వెంటబెట్టుకొని అయిదో తేదీ రైలుకు వస్తాను.

నీ మీద కోపం తగ్గలేదు. ఇల్లు దాటినప్పటి నుంచి దారి పొడుగునా నిన్ను తిడుతూనే నడిచాను. కానీ తిట్టిన ప్రతిసారీ, నువ్వు రాయకపోయి ఉంటే నేను ఈ దారిన నడుస్తూ ఉండేవాణ్ణి కాదని కూడా అనిపించింది. నీ కొడుకు ముఖం ఎట్లా చూడాలో మాత్రం నాకు తెలియడం లేదు.

కొండయ్య.


కర్నూలు,
28-7-1959.

బావకు,

నమస్కారాలు. ఆఖరి జాబితా నిన్న అంటించారు. పన్నెండో పేరు జి. లక్ష్మీనరసమ్మ. అక్కకు ఈ ఉత్తరం చదివి వినిపించేటప్పుడు ఈ వాక్యం రెండుసార్లు చదువు.

నువ్వు తిరిగి వెళ్ళాక ఆ నకలు మీద చాలా చర్చ జరిగిందట. బడి పుస్తకం ఒకటి, రిజిస్టరు ఒకటి చెబుతుంటే ఏది నమ్మాలని. నన్ను పిలిపించారు. ఆ తప్పు తేదీ చెప్పింది నేనేనని కాగితం మీద రాసి సంతకం పెట్టాను. ఒక పెద్దాయన కళ్ళద్దాల పైనుంచి నన్ను చూసి, "నీ కొడుకు పదమూడో నంబరు కదూ?" అన్నాడు. అవునన్నాను. నా కాగితాన్ని ఫైలులో పెట్టుకున్నాడు.

పన్నెండు మందిలో ఒక్కరైనా మానుకుంటే మావాడికి దక్కేది. ఎవరూ మానుకోలేదు. రెండు మార్కులు, బావా.

సంతకం పెట్టిన రోజే వాడికి అంతా చెప్పాను. దాచి ఉంచలేకపోయాను. "నువ్వు సెప్పకపోయింటే నాకు వచ్చేదా నాయనా?" అన్నాడు. వచ్చేదన్నాను. "మరి ఎందుకు సెప్పినావు?" అన్నాడు. నేనేమైనా గొప్ప కారణం చెప్పి ఉంటే వాడు ఒప్పుకునేవాడేమో. ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం లేదు. పిల్ల మీద కోపం లేదు, పుస్తకాల పెట్టె సైకిలు మీద వాడే తెచ్చిపెట్టాడు. నేను ఇంట్లోకి వస్తే మాత్రం వాడు బయటికి పోతాడు. నేను పడుకున్నాక వచ్చి తింటాడు. పిల్ల ఇది చూడలేక హాస్టలుకు పోతానంటోంది. సుబ్బులు వద్దంటోంది.

బి.ఎస్సీ.లో చేర్పిస్తానని సుబ్బులు చేత అడిగించాను. ఊఁ అనలేదు, ఊఁహూఁ అనలేదు.

నేను చేసింది మంచో చెడో నాకు తెలియదు బావా. ఇల్లు మాత్రం చిన్నబోయింది.

ఇట్లు,
వెంకటేశ్వర్లు.


బేస్తవారిపేట,
3-8-1959.

చిరంజీవి కొండలరావుకు,

మామ కొండయ్య దీవించి రాసేది. ఈ ఉత్తరం నీకే. మీ నాయనకు చూపించాలా వద్దా అన్నది నీ ఇష్టం.

నీకు అన్యాయం జరిగిందని నువ్వనుకుంటే నేను కాదనను. రెండు మార్కులతో పోయింది. మీ నాయన నోరు మూసుకుని ఉంటే పోయేది కాదు. మా పిల్ల పేరు కొట్టేసి ఉంటే, ఎందుకో ఈ జన్మకు నాకు తెలిసేది కాదు. రాత అనుకొని మంద వెంట తిరిగేవాణ్ణి. కాబట్టి మీ నాయన నాకు చేసిన మేలులో సగం నీ చేత చేయించాడు, నిన్ను అడగకుండా. ఆ సగానికి నేను నీకే బాకీ.

నీకొక సంగతి చెబుతాను. మీ నాయనకు కూడా ఇది నేను ఎప్పుడూ చెప్పలేదు. మా నాయన పోయాక నేను బడి మానేశాను. మీ నాయన చదువుతూనే ఉన్నాడు. నాకు కడుపు మండిపోయింది. వాడి తప్పేమీ లేదు. వాడికి తండ్రి ఉన్నాడు, నాకు లేడు, అంతే. అయినా నేను వాడితో మాట్లాడటం మానేశాను. ఒక సంవత్సరం. వాడు ప్రతి ఆదివారం మంద దగ్గరికి వచ్చేవాడు. నేను ముఖం తిప్పుకొని కూర్చునేవాణ్ణి. వాడు కొంచెం దూరంలో రాతిగుండు మీద కూర్చుని, ఆ వారం బడిలో చెప్పిన పాఠం గట్టిగా చదివి, పుస్తకం మూసి, పోయొస్తా అని కూడా అనకుండా కంభం దారి పట్టేవాడు. ఏడాదంతా అట్లా వచ్చాడు. ఎండల్లో వచ్చాడు, వానల్లో వచ్చాడు. నేను మీ అత్తను చేసుకున్నది కూడా వాడి అక్క అని చేసుకున్నాను, ఈ మాట ఆమెకు చెప్పకు.

చదువు పోయిన బాధ నాకు ఎప్పుడో తీరింది. ఆ ఏడాది వాడితో ఒక్క మాట మాట్లాడనందుకు బాధ ఇప్పటికీ ఉంది. ముసలితనం వస్తున్నకొద్దీ పెరుగుతోంది. ఎందుకు మాట్లాడలేదని వాడు ఈ రోజుకీ నన్ను అడగలేదు. అడిగితే నేనేం చెప్పేవాణ్ణి? ఎందుకు చెప్పావని నువ్వడిగితే వాడు కూడా ఏం చెబుతాడు?

వచ్చే ఏడు మళ్ళీ పరీక్ష ఉంది. నీ మార్కులకు కర్నూలు కాకపోతే ఇంకో చోటైనా దొరుకుతుంది. తొమ్మిది వందలకు గొర్రెలు అమ్మాను. పిల్లను హాస్టలుకు పంపనని మీ అమ్మ పట్టుబట్టింది కాబట్టి సగమే అవుతుంది. మిగతా సగం నీ పేరు మీద పోస్టాఫీసులో వేశాను. వద్దని రాయకు, పాస్ పుస్తకం మీ అత్త దాచింది, ఆమె చేతిలోంచి తీసుకోవడం నా వల్ల కాదు.

సాయంత్రం మీ నాయన ఆఫీసు నుంచి వచ్చే వేళకు నువ్వు బయటికి పోకు. గుమ్మంలో ఉండు. చెప్పులు విప్పుకుంటూ నిన్ను చూసి ఆగిపోతాడు. అప్పుడు, "అన్నం తిందాం రా నాయనా" అను. అంతకంటే ఏమీ అనక్కరలేదు.

మీ మామ,
కొండయ్య.